అపోహలు - వాస్తవాలు: యాంజియోగ్రామ్ డైతో కిడ్నీలు పోతాయా?

"డై ఎక్కిస్తే డయాలసిస్సే అంట కదా సార్?" యాంజియోగ్రామ్ చేసే గది, అదే క్యాత్ ల్యాబ్ తలుపు దగ్గర ఈ మాట వినని వారం లేదు. రక్తనాళాలు ఎక్స్‌రేలో కనబడటానికి ఎక్కించే మందే ఈ డై. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లు అడిగితే నాకు కోపం రాదు. కవిటి, సోంపేట ఊళ్లలో డయాలసిస్‌కి తిరిగేవాళ్లను కళ్లారా చూసిన భయం అది. కోపమల్లా ఆ భయాన్ని వాట్సాప్‌లో పెంచి పోషించే వాళ్ల మీద.

ఆ మధ్య అటువైపు రైతు ఒకాయన, 58 ఏళ్లు, తెల్లవారుజామున గుండెపోటుతో వచ్చారు. కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.9. ఈసీజీ చూస్తే ముందువైపు పెద్ద రక్తనాళమే మూసుకుపోయినట్టుంది. కొడుకు సంతకం పెట్టనన్నాడు. "కిడ్నీలు ముందే వీక్ సార్, మందులతోనే చూడండి." బావగారికీ చిన్నాన్నకీ ఫోన్లు తిరిగి ఒప్పుకునేసరికి నాలుగు గంటలైంది.

ఆయన జీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, 40. డై దానికి మూడు రెట్లు, అంటే 120 మి.లీ. దాటకుండా చూసుకుంటాం. సిరంజి నొక్కిన ప్రతిసారీ టెక్నీషియన్ బోర్డు మీద లెక్క రాస్తుంటాడు. 80తో స్టెంట్ పూర్తయింది. మూడో రోజు క్రియాటినిన్ 2.3, పదో రోజుకి మళ్లీ 1.9. చాలామందిలో జరిగేది ఇదే: రెండు రోజుల్లో పెరుగుతుంది, వారం పది రోజుల్లో దిగుతుంది. డయాలసిస్ దాకా వెళ్లేది బాగా తక్కువ మంది, అదీ జీఎఫ్ఆర్ 30 లోపు ఉన్నవాళ్లు, బీపీ పడిపోయి వచ్చినవాళ్లలోనే ఎక్కువ.

కిడ్నీ నిలబడింది, గుండె పంపింగ్ మాత్రం 30 శాతానికి పడిపోయింది. గుండె సరిగా కొట్టకపోతే కిడ్నీకి రక్తం ఎక్కడిది? కిడ్నీ కోసం ఆగిన ఆ నాలుగు గంటలే ఇప్పుడు ఆయన కిడ్నీకి ముప్పు.

అలాగని అందరూ పరుగెత్తాలని కాదు. గుండెపోటు వేరు, నడిస్తే వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పి వేరు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ రెండో రకం నొప్పి ఉంటే, వెంటనే యాంజియోగ్రామ్ చేసినా ముందు మందులతో చూసినా ప్రాణాపాయంలో తేడా రాలేదని 2020లో తేలింది. అక్కడ ఆలోచించుకునే టైమ్ ఉంటుంది, అడగండి.

ఛాతీ కోయకుండా రక్తనాళం గుండా చేసే వాల్వ్ మార్పిడి, అదే టావీకి, ముందు సీటీ స్కాన్‌లో ఒకసారి, ప్రొసీజర్‌లో ఒకసారి డై పడుతుంది. వీలైతే మధ్యలో కొన్ని రోజులు ఆగుతాం. ఇరుకైన వాల్వ్ తెరుచుకున్నాక క్రియాటినిన్ తగ్గినవాళ్లూ ఉన్నారు.

మిగతావి గబగబా. డై నుంచి కిడ్నీని కాపాడుతుందని ఇచ్చే ఎసిటైల్‌సిస్టీన్ మందు నిజంగా కాపాడుతుందా? సుమారు 5,000 మందిపై చేసిన ట్రయల్ 2018లో వచ్చింది, ఉపయోగం కనిపించలేదు. డై కడగడానికి వెంటనే డయాలసిస్? వద్దు. రొయ్యలు పడకపోతే డై కూడా పడదా? సంబంధమే లేదు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడు చేస్తుందా? చేయదు. కిడ్నీ మందగిస్తే అది ఒంట్లో పేరుకుంటుందని కొందరికి రెండు రోజులు ఆపుతాం, అంతే.

నిజంగా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి. రాత్రి నుంచి చుక్క నీళ్లు తాగకుండా, పైగా నీరు తీసే మాత్ర వేసుకుని వస్తారు. ఎన్ని గంటల ముందు వరకు తాగొచ్చో, మాత్ర వేసుకోవాలో వద్దో ముందురోజే కనుక్కోండి. ఇంటికెళ్లాక నడుం నొప్పికి, కిడ్నీని దెబ్బతీసే డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది వేయించుకుంటారు. డిశ్చార్జి కాగితం మీద "రెండు రోజులకు క్రియాటినిన్" అని ఎర్ర ఇంకుతో రాస్తాను. ఆ రైతు కొడుకు తండ్రిని మొన్న మళ్లీ తీసుకొచ్చాడు, రిపోర్టు ముందే చేయించి చేత్తో పట్టుకుని.