సిరా నల్లబడేదీ, నీలిమందు నీలమయ్యేదీ గాలితోనే

పసిపిల్లలున్న ఇంట్లో వసకొమ్ముతో పాటు మాచికాయ కూడా ఉండేది. సాన మీద రెండు చుట్లు అరగదీసి నాలుక మీద రాసేవాళ్లు. నోరంతా పట్టేసినట్టుండే ఆ వగరుకు కారణం టానిన్. ఒక రకం ఓక్ చెట్టు కొమ్మల్లో చిన్న కందిరీగ గుడ్లు పెడితే ఆ చోట ఉబ్బి కట్టే బుడిపే మాచికాయ. యూరప్‌లోనూ అమెరికాలోనూ కొన్ని వందల ఏళ్ల పాటు సిరాకు మూలం ఇదే. మాచికాయల కషాయంలో అన్నభేది, అంటే ఐరన్ సల్ఫేట్, కాస్త జిగురు కలిపితే సిరా సిద్ధం.

ఈ సిరాతో రాసేటప్పుడు అక్షరం వెలిసిపోయినట్టు పల్చగా పడుతుంది. ఆరేకొద్దీ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, టానిన్‌తో కలిసి నల్లగా మారుతుంది. ఆ నలుపు కాగితం పోగుల్లోకి దిగిపోతుంది కాబట్టి నీళ్లు తగిలినా అంత తేలిగ్గా పోదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లకు ఈ కెమిస్ట్రీ కొత్తేమీ కాదు. కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీత గీస్తే అది నల్లబడేదీ ఇలాగే.

అలాంటి సిరా కాలంలోనే ఒక అమ్మాయి రాసుకున్న పుస్తకం అమెరికాలో సౌత్ కరోలినా హిస్టారికల్ సొసైటీలో భద్రంగా ఉంది. ఆమె పేరు ఎలైజా లూకస్. 1722లో కరీబియన్ దీవి ఆంటిగ్వాలో పుట్టింది. కుటుంబం 1738లో, అప్పట్లో బ్రిటిష్ కాలనీ అయిన సౌత్ కరోలినాకు వచ్చింది. తండ్రి జార్జ్ లూకస్ బ్రిటిష్ సైన్యాధికారి. స్పెయిన్‌తో యుద్ధం రావడంతో 1739లో ఆయన ఆంటిగ్వాకు తిరిగి వెళ్లిపోయాడు. తల్లికి ఆరోగ్యం బాగుండేది కాదు. చార్ల్‌స్టన్ దగ్గరి వాపూ తోటతో పాటు మరో రెండు చోట్ల ఉన్న భూములు కూడా పదహారేళ్ల పిల్ల చేతికి వచ్చాయి.

తండ్రితో మాట్లాడాలంటే ఓడలో ఉత్తరం పంపడం తప్ప దారి లేదు. ఓడ మునగొచ్చు, శత్రువు పట్టుకోవచ్చు. అందుకే పంపే ప్రతి ఉత్తరాన్నీ ముందు ఒక పుస్తకంలోకి ఎక్కించుకునేవాళ్లు. ఎలైజా కొన్నిటిని పూర్తిగా రాసుకుంది, కొన్నిటికి ఎవరికి ఏం రాశానో రెండు ముక్కల్లో గుర్తు పెట్టుకుంది. 1739 నుంచి 1762 దాకా నడిచిన ఆ పుస్తకం వల్లే, దరి చేరిన ఉత్తరాల సంగతీ చేరని వాటి సంగతీ ఈరోజు మనకు తెలుస్తోంది.

అప్పటి కాగితం సంగతి కూడా చెప్పుకోవాలి. పాత నార బట్టల పీలికలను నానబెట్టి, దంచి, ఆ గుజ్జుతో కాగితం చేసేవాళ్లు. అందులో పోగులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి గట్టిగా పెనవేసుకుంటాయి. చెక్క గుజ్జుతో చేసిన నిన్నమొన్నటి న్యూస్‌పేపర్ పసుపెక్కి పెళుసుబారుతుంటే, రెండున్నర శతాబ్దాల నాటి బట్ట కాగితం ఇంకా మడత పెట్టడానికి వీలుగా ఉంటుంది. దానికి ముప్పు వచ్చేది సిరా నుంచే. అన్నభేది ఎక్కువైతే సిరాలోని ఆమ్లం అక్షరం వెంబడే కాగితాన్ని తినేస్తుంది. తేమ తగిలితే ఇంకా త్వరగా తింటుంది.

ఎలైజా 1740లో అల్లం, పత్తి, లూసర్న్ గడ్డి, కర్రపెండలంతో పాటు నీలిమొక్క కూడా వేసి చూసింది. విత్తనాలు ముందుగా అందితే అన్నిటికన్నా దీని మీదే ఆశ ఎక్కువని తండ్రికి రాసింది. మంచు కొట్టి పైరు పోయినా మళ్లీ వేసింది. పండించడం ఒక ఎత్తు, రంగు తీయడం ఇంకో ఎత్తు.

నీలిమొక్క ఆకులో నీలం ఉండదు. ఉండేది ఇండికాన్ అనే రంగులేని పదార్థం. కోసిన కొమ్మలను తొట్లో నీళ్లు పోసి నానబెడితే, ఎంజైమ్ దానిలోని చక్కెర భాగాన్ని విడగొడుతుంది. ఇండాక్సిల్ మిగులుతుంది. ఆ పసుపుపచ్చ నీళ్లను రెండో తొట్లోకి వదిలి గంటల తరబడి చిలుకుతారు. చిలికేది గాలి కలవడానికే. ఆక్సిజన్ తగలగానే రెండేసి ఇండాక్సిల్ అణువులు జతకట్టి నీలం పుడుతుంది. అది నీళ్లలో కరగదు, మెల్లగా అడుగుకు చేరుతుంది. త్వరగా పేరుకోవడానికి సున్నపు తేట పోస్తారు. సున్నం మోతాదు మించితే అదీ రంగుతో పాటు దిగి నీలం చెడిపోతుంది.

సరిగ్గా ఇక్కడే గొడవ వచ్చింది. తండ్రి మాంట్‌సెరాట్ దీవి నుంచి నికొలస్ క్రామ్‌వెల్ అనే రంగు పనివాడిని పంపాడు. ఈ పని కరోలినాలో కుదిరితే తన దీవి దెబ్బతింటుందని అతను కావాలనే సున్నపు తేట ఎక్కువ పోసి రంగు పాడుచేశాడని, 1785లో ఎలైజా తన కొడుక్కి రాసింది. ఆ కోపం నాలుగు దశాబ్దాలైనా చల్లారలేదు. 1744లో పంట బాగా వచ్చింది, విత్తనాలు చుట్టుపక్కల వాళ్లకు పంచింది. 1747లో ఆ కాలనీ నుంచి లక్షా ముప్పై వేల పౌండ్ల బరువుకు పైగా నీలిమందు ఇంగ్లండ్ వెళ్లింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి ముందు ఏడాదికి పది లక్షల పౌండ్లు దాటింది. యుద్ధం తర్వాత బ్రిటన్ కొనడం మానేసి బెంగాల్ వైపు తిరిగింది. తర్వాతి శతాబ్దంలో మన కడప, నెల్లూరు ప్రాంతాల నీలిమందు కూడా ఓడలెక్కింది.

ఉత్తరాల్లో 'నేను నాటాను' అని ఉంటుంది. నాటింది, కోసింది, కుళ్లిన ఆకు కంపు మధ్య తొట్లు చిలికింది బానిసలుగా అమ్ముడుపోయిన ఆఫ్రికన్లు. నీలిరంగు అద్దకం పశ్చిమ ఆఫ్రికాలో ఎప్పటి నుంచో ఉన్న విద్య. వాళ్లకేం తెలుసో, ఏం నేర్పారో ఆ పుస్తకం చెప్పదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. 1739లో సౌత్ కరోలినాలోని స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డాక, 1740లో సౌత్ కరోలినా ఒక చట్టం చేసింది. బానిసకు రాయడం నేర్పితే వంద పౌండ్ల జరిమానా. ఎలైజా నల్లజాతి పిల్లలకు చదవడం నేర్పింది. చదవడాన్ని ఆ చట్టం ఆపలేదు. చదవగలిగినా కలం పట్టకూడదు, అదీ వాళ్ల బతుకు. ఆ తోటల నుంచి యజమానుల వైపు ఉత్తరాలే మిగలడానికి కాగితమో తేమో కారణం కాదు.

అయినా ఒకచోట ఒక మనిషి కనిపిస్తాడు. కొందరు బానిసలు స్పానిష్ ఏలుబడిలో ఉన్న సెయింట్ ఆగస్టీన్‌కు పారిపోబోతూ దొరికిపోయారు. అక్కడికి చేరితే స్వేచ్ఛ దొరుకుతుందని వాళ్ల ఆశ. ఆ కేసులో లూకస్ కుటుంబానికి బానిసగా ఉన్న వడ్రంగి క్వాష్ పేరు కూడా చెప్పారు. విచారణకు ఎలైజా స్వయంగా వెళ్లింది. అతను నిర్దోషినని నిరూపించుకున్నాడని, నాయకుడికి ఉరి, ఇంకొకరికి కొరడా దెబ్బలు పడతాయని రాసుకుంది. ఆమె భర్త చార్ల్స్ పింక్నీ చార్ల్‌స్టన్‌లో కట్టించిన పెద్ద ఇంటికి క్వాష్ వడ్రంగి పని చేశాడు. బాప్టిజం తీసుకుని జాన్ విలియమ్స్ అయ్యాడు, 1750లో విడుదల పొందాడు. ఆ ఇల్లు 1861 డిసెంబర్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. విచారణ గురించి రాసుకున్న ఆ రెండు మూడు వాక్యాలు మాత్రం కాగితం మీద ఇంకా ఉన్నాయి.