ముద్దబంతి మీద తేనెటీగ ఎందుకు వాలదు? పూలమొక్కల మీద అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో చిన్న నర్సరీ నడుపుతున్నాను. కింద రాసినవాటిలో కొన్ని నా బేరానికే ఎసరు పెట్టేవి, అయినా చెప్పేస్తా.

అపోహ: పువ్వు ఎంత పెద్దగా, నిండుగా ఉంటే తేనెటీగలు అంత ఎక్కువ వస్తాయి.

వాస్తవం: నా దగ్గర ఎక్కువ అమ్ముడుపోయేవి ముద్ద మందారం, ముద్దబంతి. ముద్ద మందారంలో కేసరాలు చాలావరకు రెక్కలుగా మారిపోయి ఉంటాయి, ముద్దబంతిలో నడిమి బొడ్డు ఉండాల్సిన చోట కూడా రెక్కలే కిక్కిరిసి ఉంటాయి, ఇక ఈగకు పుప్పొడి ఎక్కడిది? పక్కనే ఎవరూ అడగని రెక్క మందారం మీద తేనెపిట్ట పొద్దున్నే వచ్చి వేలాడుతుంటుంది. అసలు ఏమీ కొనకుండా పని జరగాలంటే తులసి ఉంది. వెన్ను వేయగానే తుంచేస్తాం కదా, సగం వదిలి చూడండి.

అపోహ: వానల్లేని సీమలో పూలమొక్కలంటే నీళ్లు దండగ.

వాస్తవం: మనకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లే, నిజమే. కానీ రోడ్డు పక్క తంగేడుకు ఎవరు నీళ్లు పోశారు? దాని పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని జుమ్మని వణికిస్తే కేసరాల కొనల్లోని రంధ్రాల నుంచి పుప్పొడి ఉప్పుడబ్బా దులిపినట్టు రాలుతుంది. వంకాయ, టమాటా పూలదీ ఇదే తంతు, తుట్టె కట్టే తేనెటీగలకు ఈ విద్య రాదు. ఒక కుండీలోనో, కాంపౌండ్ పక్కనో తంగేడు పెట్టుకుంటే తుమ్మెదలు మీ వంగ మొక్కల దాకా కూడా వస్తాయి.

అపోహ: పిందె రాలుతోందంటే ఎరువు చాలలేదు.

ఇది ఎక్కువగా వినేది. పోయిన ఎండాకాలం ఒక అక్క వచ్చి, సొర పిందెలు వేలెడంత కాగానే పసుపుబారి రాలిపోతున్నాయి, ఏదైనా మందివ్వు అంది. ఈగలు వస్తున్నాయా అక్కా అంటే, పురుగుకని ఇమిడాక్లోప్రిడ్ కొడుతున్నా కదా, ఏమీ వాలట్లేదు అని సంతోషంగా చెప్పింది. ఆ మందు మొక్క రసంలో కలిసి తేనెలోకి, పుప్పొడిలోకి కూడా పోతుంది. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, అంతకు నెల ముందు దాన్ని అమ్మింది నేనే. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి చిమ్మటలు దాని మీద వాలతాయి. అవి రాక, ఆడపువ్వుకు పుప్పొడి అందక పిందెలు రాలుతున్నాయి కాబట్టి మగపువ్వు కోసి, కింద బుడ్డ ఉన్న ఆడపువ్వుకు రాయమన్నాను. కాయలు నిలబడ్డాయి. మందు కొట్టడం మానేసింది, నేనూ అమ్మడం మానేశాను.

కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించే పురుగును కూడా నలిపేయకండి, నల్లరెక్కల సీతాకోకచిలుక అదే. నాలుగు రెబ్బలు పోతే పోనీ.

అపోహ: పూలుంటే తేనెటీగలు తుట్టె పెడతాయి, పిల్లల్ని కుడతాయి.

వాస్తవం: పువ్వు మీద పనిలో ఉన్న ఈగ మన జోలికి రాదు, చేత్తో నొక్కితే తప్ప. పైగా తేనెటీగలు, తుమ్మెదల వంటి ఈగల జాతుల్లో ఎక్కువ భాగం తుట్టె కట్టవు, ఒంటరిగా మట్టిలో బొరియ చేసుకుంటాయి. మనమేమో గేటు నుంచి గుమ్మం దాకా తాడిపత్రి బండలు పరిచేస్తాం. మా ఇంట్లో పోయినేడు మూల మీద రెండు బండలు పీకించాను, ఈ ఏడు అక్కడ బొరియలు కనిపిస్తున్నాయి. ఆ బండలు మళ్లీ ఎప్పుడు పరుస్తావని మా ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది.