ఆర్మీ ఓడుతోందని అబ్బాయిని ఆపకండి: అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌ని. అమెరికా సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే అకాడమీ వెస్ట్‌పాయింట్; దాని ఫుట్‌బాల్ జట్టు పేరే ఆర్మీ. ఆ జట్టు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే చాలు, మనవాళ్ల ఫోన్లు మొదలు. "వెస్ట్‌పాయింట్‌లో క్రమశిక్షణ పోయిందట కదండీ, మావాణ్ణి పంపమంటారా?"

అపోహ: జట్టు ఓడిందంటే అకాడమీ పాడైంది.

ఈ పుకారు వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2003లో ఆర్మీ 13 ఆడి 13 ఓడింది. పెద్ద కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకే సీజన్‌లో అన్ని ఓడిన జట్టు అంతకుముందు లేదు. వరసగా ఆరు ఓడాక కోచ్ టాడ్ బెర్రీని తీసేశారు. పిల్లలు కష్టపడలేదా? పడ్డారు. చదువయ్యాక ఐదేళ్లు సైన్యంలో పనిచేయాలి కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) కలలున్న కుర్రాళ్లు అటు రారు. శరీర బరువుకూ నియమాలున్నాయి, ముందువరసలో అడ్డుగా నిలబడే భారీ ఆటగాళ్లు (లైన్‌మెన్) దొరకరు. అలాంటి జట్టుకు ఆప్షన్ ఆటే దిక్కు: ఒక డిఫెండర్‌ని అడ్డుకోకుండా వదిలేసి, వాడు ఎటు కదిలితే బంతిని రెండోవైపు తీసుకెళ్లడం. 1996లో పది మ్యాచ్‌లు గెలిచింది ఆ పద్ధతిలోనే. బెర్రీ వచ్చాక దాన్ని వదిలి పాసింగ్‌కి, అంటే బంతిని విసిరే ఆటకి, మారారు. అదీ జరిగింది. ఆ పదమూడూ ఓడిన సీనియర్లు మరుసటి ఏడు మిగతా క్యాడెట్లతో పాటే సెకండ్ లెఫ్టినెంట్లు, అంటే సైన్యంలో ఆఫీసర్లు, అయ్యారు.

మిగతావి: జట్టు వదిలితే ఫీజు కట్టాలా? అక్కర్లేదు, క్యాడెట్లందరికీ చదువు ఉచితమే. మధ్యలో మానేసి రాలేరా? మూడో ఏడు తరగతులు మొదలయ్యేలోపు మానేసి రావచ్చు, సర్వీసు బాధ్యత ఉండదు. గ్రీన్‌కార్డు సరిపోతుందా? సరిపోదు, పౌరసత్వం ఉండాలి.

2015లో ఆర్మీ పది ఓడింది, రెండే గెలిచింది. ఆఖరి మ్యాచ్‌లో నౌకాదళ అకాడమీ జట్టు నేవీ 21-17తో గెలిచింది. మా కుర్రాడొకడికి వెస్ట్‌పాయింట్‌లో చేరడానికి కావలసిన నామినేషన్ (సిఫారసు) కూడా వచ్చింది. "ఓడిపోయే చోటికెందుకు" అని వాళ్ల నాన్నగారు ఆపేశారు. గంటసేపు మాట్లాడితే అసలు భయం బయటపడింది: యుద్ధం. ఒక్కడే కొడుకు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, నాకూ కొడుకున్నాడు. కానీ స్కోరు చాటున దాచితే దానికి జవాబు ఎవరు చెప్పగలరు? ఆ మాటే సూటిగా అడిగుంటే, అక్కడ చదివి సర్వీసు చేసొచ్చిన ఆఫీసర్లతో మాట్లాడించేవాణ్ణి.

మరుసటి డిసెంబరులో ఆర్మీ అదే 21-17తో నేవీని కొట్టింది, ఆ జట్టు చేతిలో పద్నాలుగు వరస ఓటముల తర్వాత. ఆ రాత్రి వేరే కాలేజీ హాస్టల్ నుంచి కుర్రాడు ఫోన్ చేశాడు. "చూశారా కోచ్" అన్నాడు, ఆపైన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.