అగ్రనేతల భేటీలు: అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయ సంబంధాలు పాఠం చెప్పడం నా ఉద్యోగం. ఎక్కడో ఇద్దరు అగ్రనేతలు కలిశారంటే చాలు, "ఏమైనా తేలుతుందా సార్?" అని ఫోన్లు వస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సంతకాలు కాలేదంటే భేటీ విఫలమే.

వాస్తవం: 1986 అక్టోబరు 11, 12. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో, సముద్రం పక్కన హోఫ్డీ అనే తెల్లటి ఇల్లు. అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అణ్వాయుధాలను పూర్తిగా ఎత్తేద్దామనే దాకా వెళ్లారు. బేరం తెగింది ఒక్క మాట దగ్గర: 'ప్రయోగశాల'. క్షిపణులను అంతరిక్షం నుంచి అడ్డుకునే అమెరికా పథకం పదేళ్లపాటు ప్రయోగశాల దాటకూడదని గోర్బచేవ్ పట్టుబట్టారు. రీగన్ ససేమిరా అన్నారు. ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని బయటికొచ్చిన ఫోటోనే అందరికీ గుర్తుంది.

ఆ ఫోటోలో లేనిది ముందు రాత్రి జరిగిన పని. అమెరికా తరఫున పాల్ నిట్జ, సోవియట్ తరఫున మార్షల్ అఖ్రొమేయెవ్ తెల్లవార్లూ కూర్చుని లెక్కలు తేల్చారు: దూరశ్రేణి ఆయుధాల్లో చెరో 6,000 వార్‌హెడ్లు (క్షిపణి మోసే అణుబాంబులు), వాటిని మోసే క్షిపణులు, బాంబర్లు చెరో 1,600. ఈ అంకెలే దూరశ్రేణి అణ్వాయుధాలను తగ్గించే 1991 స్టార్ట్ ఒప్పందంలోకి ఎక్కాయి. మధ్యశ్రేణి క్షిపణుల సంగతి ఇంకా ముందే తేలింది. 1987 డిసెంబరు 8న వాషింగ్టన్‌లో ఆ క్షిపణులను రద్దు చేసే ఐఎన్ఎఫ్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 1991 కల్లా 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. నన్నడిగితే, విఫలమన్న ఆ భేటీయే ప్రచ్ఛన్న యుద్ధంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది.

అపోహ: నేతలకు దోస్తీ కుదిరితే టెన్షన్ దానంతట అదే తగ్గుతుంది.

వాస్తవం: కొంత సాయపడుతుంది, కాదనను. కానీ నమ్మకం మీద వదిలేయరు. ఐఎన్ఎఫ్ తర్వాత ఉరల్ ప్రాంతంలోని వోట్కిన్స్క్ క్షిపణి ఫ్యాక్టరీ గేటు దగ్గర అమెరికా తనిఖీదారులు ఏళ్ల తరబడి మకాం వేశారు. బయటికొచ్చే ప్రతి పెద్ద పెట్టె మీదా వాళ్ల కన్నుండేది. సోవియట్ వాళ్లు ఇదే పని అమెరికాలోని యూటా రాష్ట్రంలో చేశారు. చలిలో గేటు కాపలా, ఫారాలు నింపడం. ఉద్రిక్తత తగ్గించే పనిలో ఎక్కువ భాగం ఇంతే, టీవీలో చూపించరు.

అపోహ: వైట్‌హౌస్‌లో మాస్కోకు ఎర్ర ఫోన్ ఉండేది.

వాస్తవం: సినిమాల పుణ్యం. క్యూబా సంక్షోభం తర్వాత 1963లో పెట్టిన హాట్‌లైన్ ఫోన్ కాదు, టెలిప్రింటర్, అంటే టైపు చేసిన సందేశాన్ని అవతల కాగితం మీద అచ్చేసే యంత్రం. దాని అమెరికా కొస కూడా వైట్‌హౌస్‌లో కాదు, రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్‌లో. అమెరికా ఇంగ్లీషులో, మాస్కో రష్యన్‌లో పంపేవి. ఫోన్లో ఒక మాట తప్పుగా వినపడితే కొంప మునుగుతుంది; కాగితమైతే రెండోసారి చదువుకోవచ్చు.