స్ట్రీమ్స్ కొంటే పాట పైకి లేస్తుందా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, పాట రిలీజైంది. పదివేల స్ట్రీమ్స్ ప్యాకేజీ తీసుకోమంటావా?" గాయకుల సోషల్ మీడియా పనులు చూసే నాకు వారానికోసారైనా ఈ మెసేజ్ వస్తుంది. అంటే డబ్బు కట్టి, యాప్‌లలో పాట విన్న లెక్క (స్ట్రీమ్స్) పెంచుకోవడం. వద్దంటే, "అందరూ అలాగే చేస్తున్నారట కదా" అంటారు. ఆ 'అట' వింటేనే నాకు చిరాకు.

అపోహ: ముందు అంకె పెద్దగా కనిపిస్తే అసలు శ్రోతలు వాళ్లే వస్తారు.

వాస్తవం: రారు. ఏ యాప్ అయినా మీ పాటను కొత్తవాళ్లకు వినిపించేముందు, ఇప్పటిదాకా దాన్ని విన్నవాళ్లు ఇంకేం వింటున్నారో చూస్తుంది. విన్నవి బాట్‌లైతే, అంటే మనుషుల బదులు పాటలు మోగించే ప్రోగ్రాములైతే? అవి అదే రోజు డబ్బు కట్టిన ఇంకెందరి పాటలనో మోగించి ఉంటాయి. మీ మెలోడీ పక్కన హెవీ మెటల్ పాట, దాని పక్కన వాన చప్పుడు! మీ పాట ఎవరికి నచ్చుతుందో ఇక యాప్‌కు అంతుపట్టదు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్. బాట్ ఆ గీత దాటగానే వెళ్లిపోతుంది, పాటను సేవ్ చేసుకోదు. దొరికిపోయేది అక్కడే. 2024 నుంచి నకిలీ స్ట్రీమ్స్ మరీ ఎక్కువైన పాటలకు స్పాటిఫై లేబుళ్ల (మ్యూజిక్ కంపెనీల) దగ్గర, పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ల దగ్గర జరిమానా వసూలు చేస్తోంది. ఆ భారం చివరికి ఆర్టిస్టు మీద పడొచ్చు, పాటే ఎగిరిపోవచ్చు. గత 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ రాని పాటకు రాయల్టీ లేదన్న నియమం కూడా ఆ ఏడాదే వచ్చింది. దాన్ని దాటడానికని కొనేవాళ్లు ఇప్పుడు మరో గుంపు.

ఒకమ్మాయి స్ట్రీమ్స్ కొనలేదు, 'ప్లేలిస్ట్ ప్రమోషన్' అంటే నమ్మి డబ్బు కట్టింది. ఒకరోజు పొద్దున చూస్తే తన మొదటి పాట లేదు. "నేనేం మోసం చేయలేదన్నా" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు. నిజమే, తనకు తెలియదు. పాట లెక్కలు చూపే డాష్‌బోర్డ్ తెరిస్తే శ్రోతల్లో ముప్పాతిక మంది తనెప్పుడూ పేరు కూడా వినని ఒకే ఊరివాళ్లు. అంటే బాట్‌లే. వారం ముందు చూసి ఉంటే ఆపగలిగేవాళ్లం.

మిగతావి గబగబా చెప్పేస్తా. రీచ్ పడిపోతే షాడోబ్యాన్ (మనకు చెప్పకుండా మన పోస్టుల్ని దాచేయడం) అని టెన్షన్ పడకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ స్టేటస్ చూడండి. అక్కడ అంతా బాగుంటే తేడా మీ రీల్ మొదటి మూడు సెకన్లలో ఉందేమో చూసుకోండి. స్పాటిఫై సొంత ఎడిటర్లు తయారుచేసే ఎడిటోరియల్ ప్లేలిస్టులో చోటు ఎవరూ అమ్మలేరు. రిలీజ్‌కు కనీసం 7 రోజుల ముందు మీరే ఉచితంగా పిచ్ చేయాలి, అంటే పాటను పరిశీలించమని పంపాలి. వైరల్ అయితే చాలంటారా? 2020లో ఒక స్కేట్‌బోర్డ్ వీడియో వల్ల ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల 1977 నాటి 'డ్రీమ్స్' మళ్లీ చార్టులెక్కింది. దానితోపాటు ఆల్బమ్ కూడా ఎక్కింది, ఎందుకంటే వచ్చినవాళ్లకు వినడానికి ఇంకా పాటలున్నాయి.

ఇప్పటికే కొనేశారా? కంగారు పడకండి. ప్యాకేజీ ఈరోజే ఆపించండి, డాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్లు తీసి, వాళ్లు అడిగేలోపే డిస్ట్రిబ్యూటర్‌కు మీరే రాయండి.