పరుపులు, దిండ్లు, దుప్పట్లు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది పరుపుల కొట్టు. దూది ఏకి పరుపులు కుట్టడం మా పాత పని, ఇప్పుడు ఫోమ్ పరుపులూ అమ్ముతున్నాం. కాశీనగర్ నుంచి, గుణుపూర్ నుంచి, ఇటు పాతపట్నం నుంచి కూడా జనం వస్తారు. తెలుగులో అడిగేవాళ్ళు, ఒడియాలో అడిగేవాళ్ళు, రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు, ఎవరొచ్చినా చివరికి అడిగేది మాత్రం ఒకటే: "పడుకోడానికి ఇంత డబ్బు పెట్టాలా?" పెట్టొచ్చు. రాత్రంతా ఒంటికి ఆనుకుని ఉండే వస్తువు మీద ఖర్చు దండగ కాదు. కాకపోతే ఆ డబ్బు లోపలున్న సరుకుకి పోతోందా, పైనున్న మెరిసే గుడ్డకి పోతోందా అన్నది తెలుసుకుని పెట్టాలి. పైసా పైసా కూడబెట్టుకుని వచ్చి పనికిరానిదాని మీద పోసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: నడుము నొప్పికి పరుపు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది

ఇది ఎంత పాతుకుపోయిందంటే, "బల్లలా ఉండాలి బాబూ" అని ముందే చెప్పి మరీ కొంటారు. మనం పక్కకి తిరిగి పడుకున్నప్పుడు భుజం, తుంటి కాస్త లోపలికి దిగాలి, అప్పుడే వెన్ను వంకర పోకుండా ఉంటుంది. బల్లలాంటి పరుపు మీద అవి దిగవు, నడుము గాల్లో ఉండిపోతుంది, తెల్లారేసరికి భుజం తిమ్మిరెక్కుతుంది. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ వాళ్ళ అధ్యయనం ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపు ఇచ్చి 90 రోజుల తర్వాత చూస్తే, మధ్యస్థ పరుపు వాళ్ళకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. మరీ మెత్తనిది కూడా పనికిరాదు, ఒళ్ళంతా గుంటలో పడినట్టుంటుంది.

కొనేముందు పడుకుని చూడండి. చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. వెల్లకిలా పడుకుని నడుము కింద అరచెయ్యి పెట్టండి: చెయ్యి అడ్డం లేకుండా అటూ ఇటూ దూరిపోతే మీకది మరీ గట్టిది, అసలు దూరకపోతే మరీ మెత్తనిది, కాస్త బిగువుగా దూరితే సరిపోతుంది. తర్వాత మీరు మామూలుగా ఎటు తిరిగి పడుకుంటారో అటు తిరిగి ఓ పది నిమిషాలు ఉండండి. కొట్లో అందరి ముందూ పడుకోవడానికి ఆడవాళ్ళు మొహమాటపడతారని మేం వెనకవైపు తెర కట్టి ఒక మంచం వేసి ఉంచాం. మీ ఊరి కొట్లో లేకపోతే అడగండి, ఇన్ని వేలు పోసి కొనేటప్పుడు మొహమాటం దేనికి? నొప్పి కాల్లోకి దిగుతున్నా, కాలు మొద్దుబారుతున్నా మాత్రం పరుపుల కొట్టుకి కాదు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అపోహ: మందంగా ఉంటే మంచి పరుపు

8 అంగుళాలు, 10 అంగుళాలు అని మందం చెప్పి అమ్మేస్తారు. ఫోమ్‌లో చూడాల్సింది సాంద్రత, కొట్లో డెన్సిటీ అంటాం, అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. రోజూ పడుకునే పరుపుకి 32 కన్నా తక్కువ వద్దని నేను చెప్తాను, 40 అయితే నిశ్చింత. చవక ఫోమ్ కొత్తలో భలే పొంగి కనిపిస్తుంది, తర్వాత నడుము ఆనే చోట గుంట పడుతుంది, ఇక లేవదు.

లేబుల్ మీద అంకెని నమ్మక్కర్లేదు, త్రాసు ఉంటే చాలు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ఫోమ్ షీటు 40 డెన్సిటీ అయితే దాదాపు 7 కిలోలు ఉండాలి, 32 అయితే ఐదున్నర దగ్గర. అదే షీటు మూడున్నర కిలోలే తూగిందంటే అది 20 డెన్సిటీ సరుకు, ఎవరేం చెప్పినా సరే. ఇదే సైజులో రెండు షీట్లు పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు, ఒకేలా తెల్లగా, ఒకేలా నున్నగా ఉంటాయి. రెండు చేతుల్తో ఎత్తి చూడండి, అక్కడ బయటపడుతుంది. రీబాండెడ్ అని రంగురంగుల ముక్కలు అతికించి చేసేది ఒకటుంది, దానికి ఈ లెక్క వర్తించదు, అది చాలా బరువుగా, గట్టిగా ఉంటుంది. అడుగు పొరకి బాగా పనికొస్తుంది. పైన ఓ రెండు అంగుళాలు మెత్తని పొర లేకుండా అదొక్కటే వేసుకుంటే మళ్ళీ బల్ల కథే.

ఇంకొకటి. వారంటీ 10 ఏళ్ళంటే పదేళ్ళు హాయిగా పడుకోవచ్చని కాదు. చాలా వారంటీ కాగితాల్లో గుంట ఇంత లోతు దాటితేనే అని ఉంటుంది, మరక పడితే వర్తించదని కూడా ఉంటుంది. కొన్నరోజే చదవండి, పరుపుకి తొడుగు వెయ్యండి.

అపోహ: మెమరీ ఫోమ్ అన్నిటికన్నా గొప్పది, వ్యోమగాముల కోసం చేసింది

1966లో నాసా పనుల్లోంచే పుట్టింది, నిజమే, కానీ విమానం సీట్ల మెత్తల కోసం. దాని గుణమే ఒంటి వేడికి మెత్తబడి ఒంటికి అతుక్కోవడం. చలిదేశంలో అది సుఖం. మన దగ్గర మే నెలలో ఉక్కపోతకి చెమట ఆరక, కరెంటు పోయిన రాత్రి దాని మీద పడుకుంటే తెలుస్తుంది. చల్లదనం కోసమని కొన్నిటికి పైన వేసే జెల్ పొర కొత్తలో తాకితే చల్లగానే ఉంటుంది, ఒంటి వేడి పట్టాక ఆ చల్లదనం నిలవదు. ఏసీ గది ఉన్నవాళ్ళు సంతోషంగా కొనుక్కోండి. లేనివాళ్ళు అదనపు డబ్బుతో ముందు మంచి ఫ్యాను కొనుక్కోండి, అది నా సరుకు కాదు, అయినా చెప్తున్నాను. మామూలు సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటుతో తిరిగే రకం ఫ్యాను 30 వాట్ల దగ్గర. రోజుకి 12 గంటలు తిరిగితే అర యూనిట్ పైనే మిగులుతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

అపోహ: థ్రెడ్ కౌంట్ 1000 ఉన్న దుప్పటి మహా సుఖం

చదరపు అంగుళంలో పడుగూ పేకా కలిపి ఎన్ని పోగులున్నాయన్నదే థ్రెడ్ కౌంట్. మంచి నూలుతో మామూలు నేతలో 200 నుంచి 300 ఉంటే చక్కటి దుప్పటి. వెయ్యి అని రాసేవాళ్ళు చాలామంది రెండు మూడు సన్నపోగులు పురిపెట్టి, ఒక్కో దాన్నీ విడిగా లెక్కేస్తారు. బట్ట బరువెక్కుతుంది, గాలి ఆడదు. మన ఉక్కకి కావలసింది గాలి ఆడే గుడ్డ. నూటికి నూరుపాళ్ళూ నూలేనా అని చూడండి, పైసలు అక్కడ పెట్టండి. అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు లాగి జాగ్రత్తగా వెలిగించండి: నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

తువ్వాళ్ళదీ ఇదే సంగతి. హోటల్లో చూసిన దళసరి తువ్వాలు శ్రావణంలో మన దండెం మీద ఆరదు, ముక్క వాసన పట్టేస్తుంది. పల్చటి మంచి నూలు తువ్వాళ్ళు నాలుగు కొనండి. మా వైపు వాడే పల్చటి నేత తుండు, గాముచ్చాని మించింది లేదనే అంటాను. బట్టల్ని మెత్తబరిచే ద్రావకం వెయ్యొద్దు, వేస్తే తువ్వాలు నీళ్ళు పీల్చదు.

అపోహ: దిండు ఏదైనా ఒకటే

పరుపుకి ముప్పై వేలు పెట్టి, ఫ్రీగా ఇచ్చిన దిండు వేసుకుంటారు! తక్కువ డబ్బుతో ఎక్కువ సుఖమిచ్చేది దిండే. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి చెవికీ భుజం అంచుకీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తుండాలి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి అంతకన్నా తక్కువ, బోర్లా పడుకునేవాళ్ళకి దాదాపు అక్కర్లేదు. మొగుడూపెళ్ళాలకి ఒకే జత ఇవ్వడం దుకాణాల అలవాటు, ఎవరి దిండు వాళ్ళు చూసుకోవాలి.

అపోహ: దోమతెర పాతకాలపు వస్తువు

గజపతి, రాయగడ, కోరాపుట్ కొండ ఊళ్ళలో మలేరియా గురించి నేను చెప్పక్కర్లేదు. గుడ్ నైట్ మందులకీ దోమల చుట్టలకీ ఏటా పెట్టే డబ్బుతో మంచి తెర వస్తుంది. చదరపు అంగుళానికి 156 కన్నాలుండే తెర దోమని ఆపి గాలిని రానిస్తుంది. ఇక్కడ ఓ రెండొందలు ఎక్కువ పెట్టి మంచం కన్నా పెద్ద తెర తీసుకోండి, అంచు పరుపు కిందకి దోపినా మోచెయ్యి తెరకి తగలకూడదు, తగిలితే దోమ బయట్నుంచే కుట్టేస్తుంది. ప్రభుత్వం పంచే మందు తెరలు ఉతికాక నీడలోనే ఆరెయ్యండి. ఎండలో వేస్తే మందు పోతుంది.

అపోహ: దూది పరుపు పేదవాళ్ళది

ఈ మాట వింటే నాకు కోపమొస్తుంది. గుంట పడిన ఫోమ్ పరుపుని పారెయ్యడం తప్ప ఏం చెయ్యలేం. దూది పరుపుని విప్పి, ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టొచ్చు. అమ్మమ్మ పెళ్ళినాటి దూదితో మనవరాలికి దిండ్లు కుట్టించుకెళ్ళినవాళ్ళున్నారు. చెమటని పీల్చుకుని ఎండలో వదిలేస్తుంది, అందుకే మన వాతావరణానికి అంత నప్పుతుంది. గడ్డకట్టడం దాని లోపం. కుచ్చులు దగ్గరదగ్గరగా వేసి కుడితే దూది జరగదు, అలా కుట్టడానికి కూలి ఎక్కువ, ఆ కూలి దగ్గర బేరమాడకండి.

మోసం దూదిలోనే ఉంటుంది. దర్జీ కొట్ల చింకిపేలికలు మిల్లులో చింపి దూదిలో కలిపేస్తారు. పరుపు నింపకముందు గుప్పెడు తీసి వెలుతురులో విడదీసి చూడండి, ఎరుపు, నీలం పోగులు కనిపిస్తే అది అదే. బూరుగు దూది అని చెప్తే చిటికెడు నీళ్ళలో వెయ్యండి, దానికి సహజంగా మైనం పూత ఉంటుంది, లోపల బోలు, తేలుతూనే ఉంటుంది. బూరుగు దిండుకి బ్రహ్మాండం. పరుపుకి మాత్రం పత్తే మేలు, బూరుగు బరువుకి త్వరగా అణిగిపోతుంది.

మంచం కింద పలక మొత్తం మూసేసి ఉంటే గాలాడక వానాకాలంలో ఏ పరుపైనా అడుగున బూజు పడుతుంది, చెక్క బద్దల మధ్య సందులుండేలా చేయించుకోండి. పాత పరుపు ఏకించుకోవాలంటే చైత్ర, వైశాఖాల్లోనే తీసుకురండి. ముందు రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి తెస్తే సగం పని అయినట్టే. జూన్ దాటాక తెస్తే దూది తేమ పట్టి ఉంటుంది, ఏకినా విడదు, మేం తీసుకోం.