మోరీ ఎవరిది తాతా?

శ్రావణ మాసం, ఆదివారం

చిరంజీవులకు తాత దీవెనలు.

మొన్న రాత్రంతా దంచికొట్టిన వాన తెల్లవారుజామున తెరిపి ఇచ్చింది. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు. ఆ నీళ్లలో ముగ్గురు పెద్దమనుషులు నిలబడి వాదించుకుంటున్నారు. ఎదురింటాయన మోరీ, అంటే వీధి మురుగు కాలువ, మున్సిపాలిటీదే అంటాడు. చెత్త బండితో వచ్చిన జవాను, "ఇది ప్లాట్లు వేసి అమ్మిన వెంచర్ వాళ్లు కట్టింది, మాకు ఇంకా అప్పగించలేదు" అంటాడు. మూల మీది కిరాణా కొట్టాయన, "ఎవరిదైతే నాకేమిటి, నా బియ్యం బస్తాలు తడిశాయి" అంటాడు. ఆరో తరగతి చదివే మా మనవరాలు గడప మీద నిలబడి అన్నీ వింది. బడికి సెలవు ఇచ్చారు కాబట్టి ఆమెకు తొందర లేదు. లోపలికి వచ్చి నన్ను అడిగింది: "తాతా, మోరీ ఎవరిది?"

నేను ముప్పై ఏళ్లకు పైగా మున్సిపల్ ఆఫీసుల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ని. జవాబు నాలుక చివర ఉండాలి. ఉంది కూడా. కానీ చట్టం పేరూ సెక్షనూ చెబితే ఆ పిల్ల తల ఊపి టీవీ దగ్గరికి పోతుంది. నాకు తెలిసిన మనవరాలే కదా. ఏం చెప్పాలా అని చూస్తుంటే ఆమె ఎగదోపుకున్న లంగా అంచు కనిపించింది. నాకు నా ఖాకీ లాగు గుర్తుకొచ్చింది.

మా చిన్నతనంలో కొత్త బట్టలు ఏడాదికి ఒక్కసారి, దసరాకు. నాన్న అంగడిలో గుడ్డ కొని తెస్తే, అమ్మ దాన్ని చంకన పెట్టుకుని నన్ను దర్జీ ఇంటికి తీసుకుపోయేది. ఆయన అరుగు మీద కుట్టు మిషను, దాని కింద రంగురంగుల పీలికలు. నేను వెళ్లేది ఆ పీలికల కోసమే. గాలిపటం తోకకు వాటిని మించినవి లేవు. ఆయన టేపు తీసి నడుమూ తొడా కొలిచి, చెవి మీది పెన్సిలు అందుకుని రాసుకునేవాడు. అంతా అయ్యాక అమ్మ ఒక్క మాట అనేది: "పెరిగే పిల్లవాడయ్యా, కింద మడత బాగా వదులు."

నాలుగు వేళ్ల మడత. మొదటి ఏడాది ఆ లాగు నా మీద గోనెసంచిలా వేలాడేది. రెండో దసరాకు ఒంటికి సరిపోయేది. మూడో ఏడు అమ్మ బ్లేడుతో కుట్టు విప్పి మడత దించేది. చాకిరేవు చూసిన పైగుడ్డ వెలిసిపోయి ఉంటుంది, లోపల దాగిన గుడ్డ మాత్రం కొత్తగా, ముదురుగా. కాళ్ల చుట్టూ రెండు పట్టీలు. ఆ పట్టీ చూసి ఎవరి లాగు ఎన్నేళ్లదో బడిలో అందరం చెప్పేవాళ్లం. ఒక ఏడాది అమ్మకు జ్వరం వస్తే నాన్న తీసుకుపోయాడు. మడత మాట అనలేదు. గుడ్డ మిగిలిందని సంతోషించాడు కూడా. ఆ ఏడాదే నేను మక్కజొన్న కర్రలా ఎదిగాను. చెడుగుడు ఆడుతుంటే వెనక పర్రుమని చినిగింది. విప్పడానికి మడత లేదు, అతకడానికి గుడ్డ లేదు. పుస్తకాల సంచి వెనక్కి వేలాడేసుకుని ఇంటికి నడిచాను. ఇప్పటికీ ఆ దారి గుర్తుంది.

ఊరు కూడా పెరిగే పిల్లవాడే. నేను ఈ ఊరికి వచ్చినప్పుడు బస్టాండు దాటితే పత్తి చేలే. అప్పుడిది గ్రామ పంచాయతీ. ఇప్పుడు మున్సిపాలిటీ. పత్తి చేలల్లో రంగు రాళ్లు పాతారు, అవి వెంచర్లయ్యాయి, వెంచర్లు కాలనీలయ్యాయి. లేఅవుట్ వేసేవాళ్లు పదో వంతు స్థలం పార్కుకో ఆటలకో వదిలి మున్సిపాలిటీకి రాసి ఇవ్వాలి. అదే మడత. రోడ్డు వెడల్పు మడత. మోరీ లోతు మడత. నలభై ఇళ్లకు తవ్విన మోరీలోకి మూడు వందల ఇళ్ల నీళ్లు వస్తే ఏమవుతుందో నా లాగు మీకు చెప్పింది.

మరి ఈ పోలికలో అమ్మ ఎవరు? కౌన్సిల్. వార్డుకు ఒకరు చొప్పున మనం ఓటు వేసి పంపిన కౌన్సిలర్లు, వాళ్లలోంచి ఎన్నికైన చైర్‌పర్సన్. దర్జీ ఎవరు? ప్రభుత్వం నియమించిన కమిషనరు, ఆయనతో పాటు ఇంజినీరూ, శానిటరీ ఇన్‌స్పెక్టరూ, బిల్ కలెక్టరూ. ఇంత పొడవు కావాలని చెప్పేది అమ్మ, కత్తెర పట్టేది దర్జీ. టేపు అంటే మాస్టర్ ప్లాన్, ఊరు ఎటు ఎలా పెరగాలో ముందే గీసిపెట్టిన పటం. దారం అంటే ఇంటి పన్ను. ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందో ఆ విలువ మీద లెక్క కట్టే ఈ పన్నును ఆరు నెలలకు ఒకసారి కట్టాలి. ఏడాది మొత్తం ఏప్రిల్ నెలలోనే కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు. మీ ఇంట్లో కట్టారో లేదో అడగండి; అడిగితే నాన్న మొహం ఎలా పెడతాడో చూడండి.

వీధి దీపాలు గుండీలు అనబోతుంటే మనవరాలు అడ్డు తగిలింది.

"మరి జేబు?"

"జేబు బడ్జెట్ తల్లీ."

"నీ లాగు జేబుకు చిల్లు ఉండేదా?"

ఉండేదనే ఒప్పుకున్నాను. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో.

అతుకుల మాట మాత్రం చెప్పాలి. గుడ్డ చాలనప్పుడు పక్క గుడ్డ తెచ్చి అతుకుతారు. 2013లో వరంగల్‌లో చుట్టుపక్కల 42 గ్రామాలను అలాగే కలిపారు. 2015లో అది గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ అయింది. ఇప్పుడక్కడ 66 డివిజన్లు, అంటే వార్డులు. చిన్న పట్టణాల్లో కూడా శివారు పల్లెలు ఇలాగే కలుస్తాయి. కలిసిన పల్లెకు పట్టణం పేరు వస్తుంది, పట్టణం పన్నులూ వస్తాయి. కానీ ఉపాధి హామీ పని పోతుంది, ఎందుకంటే అది గ్రామాలకు మాత్రమే. ఎండాకాలం ఆ కూలి మీదే బతికే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు. గుడ్డకు నొప్పి ఉండదు. పల్లెకు ఉంటుంది. నా లాగు పోలిక ఇక్కడ పనికిరాదు, ఇక దాన్ని మడిచి పెట్టెలో పెడతాను.

ప్రశ్న దగ్గరికి వద్దాం. 1993 జూన్ 1 నుంచి అమలైన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు అప్పగించదగ్గ పనులు 18 రాసిపెట్టింది. మంచినీళ్లు, రోడ్లు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, పార్కులు. మీరు పుట్టారని కాగితం రాసుకోవడం ఆ జాబితాలోనే ఉంది, చివరికి అందరమూ వెళ్లే వైకుంఠధామమూ, అదే శ్మశానమూ ఉంది. మధ్యలో బందెలదొడ్డి కూడా ఉంది. బందెలదొడ్డి అంటే తెలియకపోతే మీ నానమ్మను అడగండి. మన తెలంగాణకు 2019లో సొంత మున్సిపల్ చట్టం వచ్చింది. ఊరి మోరీలు మున్సిపాలిటీవే. వెంచర్ మోరీ మాత్రం అప్పగించేదాకా వెంచర్‌ది, అప్పగించాక ఊరిది. అంటే ఆ నీళ్లలో నిలబడ్డ ముగ్గురూ అబద్ధమాడలేదు. కిరాణా కొట్టాయన బస్తాలు కూడా నిజంగానే తడిశాయి. ముగ్గురూ నిజాలే చెప్పారు, నీళ్లు మాత్రం అంగుళం కదలలేదు. పిల్ల అడిగిన ప్రశ్న తప్పు కాదు గానీ, దాని పక్కన ఇంకో ప్రశ్న ఉంది. అది నాకు ఆఫీసులో ఒక ఆడమనిషి నేర్పింది.

కౌన్సిల్ సమావేశం ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. నెలకు ఒకసారైనా జరగాలి. ముందు ఎజెండా కాగితాలు సభ్యుల ఇళ్లకు వెళ్తాయి. మా కాలంలో వాటిని సైక్లోస్టైల్ తీసేవాణ్ని నేనే. చేతులకంటిన సిరా మూడు రోజులు పోయేది కాదు. సమావేశంలో ఒక్కో అంశం చదువుతారు: ఫలానా వార్డులో మురుగు కాలువ, అంచనా వ్యయం ఇంత. "ఆమోదమేనా?" "ఆమోదం." మళ్లీ ఇంకోటి. "ఆమోదం." నలభై అంశాలు మిర్చిబజ్జీలు చల్లారేలోపు అయిపోయిన రోజులు నేను చూశాను. తిట్టడానికి చెప్పడం లేదు. అందరికీ తమ వార్డు పని కావాలి. నీ మోరీకి నేను అడ్డు రాను, నా మోరీకి నువ్వు రాకు, అంతే.

నేను పనిచేసిన ఒక ఊరిలో, పేరు ఎందుకులే, మహిళలకు కేటాయించిన వార్డు నుంచి ఒకావిడ గెలిచింది. బీడీలు చుట్టే మనిషి. మొదటి రెండు సమావేశాల్లో నోరు విప్పలేదు. ఆమె భర్త వరండాలో కూర్చుని కిటికీలోంచి సైగలు చేసేవాడు. మూడో సమావేశంలో ఆమె వార్డుకే మోరీ అంశం వచ్చింది. అందరూ ఆమోదమన్నారు. ఆమె లేచి నిలబడింది.

"ఈ మోరీ ఎక్కడికి పోతుంది సారూ?"

ఇంజినీరు చెప్పాడు: "పక్క వార్డు హద్దు దాకా అమ్మా."

"అక్కడి నుంచి?"

"అక్కడి నుంచి ఆ వార్డు వాళ్లు కడతారు."

"వాళ్లు కట్టేదాకా నీళ్లు ఎక్కడ కూర్చుంటాయి?"

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. కిటికీ బయట సైగలు కూడా ఆగిపోయాయి. తన వార్డుకు వచ్చిన పనిని తానే ఆపుకున్న సభ్యురాలిని నా ఉద్యోగంలో ఆ ఒక్కసారే చూశాను. మినిట్స్ పుస్తకంలో నేను రాసింది "7వ అంశం వాయిదా వేయడమైనది" అని. ఆమె అడిగిన మాటలు రాయలేదు. రాసే ఆచారం లేదు. ఇన్నేళ్ల తర్వాత మీకు రాస్తున్నాను. మరుసటి ఏడాది రెండు వార్డులకూ కలిపి ఒకే అంచనాతో ఆ మోరీ కట్టారు. ఈలోగా నాకు బదిలీ అయింది, అక్కడ ఒక్క వాన కూడా చూడలేదు. వచ్చే ఎన్నికలకు రిజర్వేషన్ మారి ఆమె వార్డు ఇంకొకరికి వెళ్లింది. ఆమె మళ్లీ బీడీల చాట ముందు కూర్చుందని విన్నాను.

నీరు పల్లమెరుగు అంటారు. నీటికి వార్డు నంబర్లు తెలియవు, పల్లం ఒక్కటే తెలుసు. మా మనవరాలి మేనమామ బాపట్లలో ఉంటాడు. "అక్కడైతే నీళ్లన్నీ సముద్రంలోకే పోతాయట తాతా, మనకు సముద్రం లేదు కాబట్టే వీధిలో ఆగాయి" అంది. అంత సులువు కాదు. అక్కడ నేల పళ్లెంలా బల్లపరుపు. పోటు వచ్చినప్పుడు సముద్రమే నీళ్లను వెనక్కి నెడుతుంది. పల్లం విషయంలో మనమే అదృష్టవంతులం. మనకు సముద్రం లేదు, చెరువులున్నాయి.

ఎనిమిది వందల ఏళ్ల కిందట కాకతీయులు ఈ నేల వాలు చూసి చెరువులను గొలుసు కట్టారు. పై చెరువు నిండితే మత్తడి దూకుతుంది, ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు పోతాయి, అదీ నిండితే ఇంకా కిందికి. "అక్కడి నుంచి?" అన్న ప్రశ్నకు ప్రతి కట్ట దగ్గరా జవాబు ఉంది. పాకాల, రామప్ప చెరువులు ఆ కాలానివే, ఇప్పటికీ పొలాలు తడుపుతున్నాయి. మనమేమో గొలుసులో కొన్ని కొక్కేలు తెంపి వాటి మీద ఇళ్లు కట్టుకున్నాం. ఎండాకాలంలో చూస్తే శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, కూడా మంచి ప్లాటులాగే కనిపిస్తుంది. 2020 ఆగస్టులో వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు జనం పడవల్లో బయటికి వచ్చారు. నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చాయి, అంతే.

ఇప్పుడొక వింత చెబుతాను. మన వరంగల్ వైపు జిల్లాల నేల ఇంటి కప్పులా ఉంటుంది, రెండు వాలులు. ఒక వాలున పడిన వాన చలివాగులో చేరి, మానేరులో కలిసి గోదావరికి పోతుంది. ఇంకో వాలున పడింది వర్ధన్నపేట వైపు ఆకేరు పట్టుకుని, మున్నేరులో కలిసి కృష్ణకు పోతుంది. మధ్యలో ఎక్కడో ఒక గట్టు ఉంటుంది. దాని మీద పక్కపక్కన పడిన రెండు చినుకులు రెండు వేర్వేరు నదుల్లోకి పోతాయి. ఒకటి భద్రాచలం చూస్తుంది, ఇంకోటి బెజవాడ చూస్తుంది. చివరికి బంగాళాఖాతంలో కలుస్తాయనుకోండి. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఆఫీసులో పని మానేసి చాలాసేపు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాను. దీన్ని విడమరిచి చెప్పాలంటే నాకు రాదు.

కాబట్టి మీకొక పని. వాన వెలిశాక, ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకుని, మీ ఇంటి ముందు మోరీ వెంట నడవండి. నీళ్లలో దిగవద్దు, మూత లేని చోట్లు ఉంటాయి, గోడ పక్కనే నడవండి. ఎక్కడ వంకర తిరిగింది, ఎక్కడ సన్నబడింది, ఎక్కడ ప్లాస్టిక్ సంచులు అడ్డుపడ్డాయి, ఎక్కడ ఆగిపోయింది, ఒక కాగితం మీద గీయండి. ఆగిపోయిన చోట ఎవరి వార్డు మొదలవుతుందో కనుక్కోండి. మన చట్టంలో ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉన్నాయి: యువకులది, మహిళలది, వృద్ధులది, ఊరి పెద్దలది. మీ వార్డులో వాటి సభ్యులు ఎవరో కనుక్కుని, ఆ కాగితం వాళ్లకు చూపించండి. కౌన్సిలర్ ఎదురైతే ఆ బీడీల ఆవిడ ప్రశ్న అడగండి. మర్యాదగానే అడగండి, కానీ జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.

నిన్న సాయంత్రం నేనూ మనవరాలూ వెళ్లాం. మా మోరీ కిరాణా కొట్టు దాటి, గుడి వీధిలో తిరిగి, కల్వర్టు కింద దూరి, ఒక ప్రహరీ గోడ దగ్గర కనిపించకుండా పోయింది. గోడకు చెవి ఆనించి వింటే అవతల నీళ్ల చప్పుడు. ఎటు పోతున్నాయో తెలియలేదు. చీకటి పడింది, నా మోకాళ్లూ మొరాయించాయి, వెనక్కి వచ్చేశాం.

రేపు గోడ అవతలి వైపు నుంచి వెళ్దామంది. గొడుగు ఇప్పటికే గుమ్మం దగ్గర పెట్టింది.

మీ తాత